పదిహేను మార్కుల బుడమేరు

2024 ఆగస్టు 31, శనివారం. విజయవాడ భవానీపురం, ఊర్మిళా నగర్‌లో ఓ కింది వాటా. వాన తెరిపి ఇవ్వడం లేదు. మొగల్రాజపురంలో కొండచరియలు ఇళ్ల మీద పడి జనం పోయారని టీవీలో స్క్రోలింగు వెళ్తోంది. అర్ధరాత్రి దాటాక కళింగపట్నం దగ్గర వాయుగుండం తీరం దాటుతుందంటున్నారు. లోపలి గదిలో ఒకమ్మాయి జనరల్ స్టడీస్ మూడో పేపరు నోట్సు మంచం మీద పరుచుకుని కూర్చుంది. కాగితం పైన ఎర్రసిరాతో ‘విపత్తు నిర్వహణ, రెండో రివిజన్’ అని రాసుంది.

ముందే ఒక మాట చెప్పేస్తాను. ఈ అమ్మాయి, వాళ్లమ్మా నాన్నా, పై వాటా ఆంటీ నేను కల్పించిన మనుషులు. నీళ్లు, తేదీలు, అంకెలు, ప్రశ్నపత్రం కల్పన కాదు. గ్రూప్స్‌కో సివిల్స్‌కో చదివే పిల్ల లేని వీధి బెజవాడలో వెతికినా దొరకదు కాబట్టి, పేరు లేకపోయినా ఈ అమ్మాయి మీకు తెలిసే ఉంటుంది.

ఆమెకి ఆ రోజుల్లో రెండు పరీక్షలు నెత్తిమీదున్నాయి. ఒకటి ఏపీపీఎస్సీ గ్రూప్-1 మెయిన్స్. 81 పోస్టులకి మార్చి 17న ప్రిలిమ్స్ పెట్టి, 4,496 మందిని మెయిన్స్‌కి తీసుకున్నారు. సెప్టెంబరు 2 నుంచి 9 దాకా పరీక్షలన్నారు. ఆగస్టు మూడో వారంలో వాయిదా అన్నారు. (చివరికి అవి 2025 మే 3 నుంచి 9 దాకా జరిగాయి.) వాయిదా అనగానే బయటివాళ్లు ‘పోనీలే, ఇంకాస్త చదువుకోవచ్చు’ అంటారు. చదివేవాళ్లకి తెలుసు ఆ బాధ. ఫలానా తేదీకి తలలో ఉండాలని లెక్కేసి పేర్చుకున్న రివిజనంతా మళ్లీ మొదటికొస్తుంది. ఆ వెబ్‌నోట్ చూసిన రోజు ఆమె అన్నం సరిగా తినలేదు.

రెండోది సివిల్స్ మెయిన్స్. అది సెప్టెంబరు 20న మొదలు. విజయవాడలోనూ సెంటరుంది. రాయడం తెలుగు మీడియంలో, ఆప్షనల్ తెలుగు సాహిత్యం. ఎందుకొచ్చిన సాహసమని అన్నవాళ్లున్నారు. 2016 సివిల్స్‌లో శ్రీకాకుళం జిల్లా పారసంబ నుంచి వచ్చిన టీచరు రోణంకి గోపాలకృష్ణ తెలుగులో రాసి, ఇంటర్వ్యూ కూడా తెలుగులోనే ఇచ్చి దేశంలో 3వ ర్యాంకు తెచ్చుకున్నారు. అంతకు పదేళ్ల ముందు, 2006 సివిల్స్‌లో, ఏకంగా మొదటి ర్యాంకే కృష్ణా జిల్లాకి వచ్చింది. ఉప్పుటేరుకీ సముద్రానికీ మధ్యనున్న చినగొల్లపాలెం కుర్రాడు రేవు ముత్యాలరాజు కొట్టిన ర్యాంకది. ఈ రెండు పేర్లూ చాలు, ఆమె వాదించడం మానేసి చదువుకోవడానికి.

జనరల్ స్టడీస్ (జీఎస్) రివిజన్ అంటే మళ్లీ చదవడం అనుకుంటారు. కాదు, తగ్గించడం. నలభై పేజీల పాఠం నాలుగు పేజీలవ్వాలి, నాలుగూ ఒక్కటవ్వాలి. మెయిన్స్‌లో మొదటి మూడు జీఎస్ పేపర్లలో ఒక్కోదానికి 250 మార్కులు, మూడు గంటలు, ఇరవై ప్రశ్నలు. పది మార్కుల ప్రశ్నకి 150 మాటలు, పదిహేను మార్కులదానికి 250. సగటున తొమ్మిది నిమిషాలకో జవాబు పడాలి. ఆ తొమ్మిది నిమిషాల్లో ఆలోచించడానికి టైమెక్కడిది? అందుకే ప్రతి టాపిక్కీ ఒక చట్రం కట్టుకుంటారు: నిర్వచనం, కారణాలు, ప్రభావం, చర్యలు, ముగింపు. ప్రశ్న ఏదొచ్చినా అందులో పోసేయడమే.

ఆమె చట్రం కూడా అలాగే ఉంది. విపత్తు నిర్వహణ చట్టం, 2005. సెండాయ్ ఒప్పందం, 2015 నుంచి 2030, నాలుగు ప్రాధాన్యాలు, ఏడు లక్ష్యాలు. పట్టణ వరదల మీద జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010లో ఇచ్చిన మార్గదర్శకాలు. ఉదాహరణలకి ముంబయి, 2005 జులై 26, ఒక్కరోజులో 944 మిల్లీమీటర్లు, చెన్నై, 2015. మన రాష్ట్రానిది కూడా ఒకటి ఉండాలి కాబట్టి 1977 నవంబరు 19, దివిసీమ ఉప్పెన. కారణాలు రెండు నిలువు వరసల్లో రాసుకుంది, ప్రకృతిపరమైనవి ఒక వైపు, మానవ తప్పిదాలు ఒక వైపు. సిరా నాలుగు రంగులు. చూడముచ్చటగా ఉంది. అందులో బుడమేరు లేదు.

ఆటో లోపల పెట్టి, తడిసిన చొక్కా పిండుకుంటూ వచ్చాడు తండ్రి.

“బుడమేరు పొంగుద్దేమో అమ్మాయ్. ఇట్టాంటి వాన 2005లో చూశా.”

“బుడమేరు సింగ్‌నగర్ వైపు కదా నాన్నా. మనకొస్తే కృష్ణే రావాలి.”

ఆమె అన్నది తప్పని ఆ రాత్రి భవానీపురంలో చాలామంది అనుకోలేదు. ఇక్కడివాళ్లకి నీళ్ల భయమంటే దక్షిణం వైపు భయమే. పున్నమి ఘాట్ మెట్లు ఎన్ని మునిగాయి, భవానీ ద్వీపం కనబడుతోందా లేదా, బ్యారేజీ దగ్గర ఎన్ని లక్షలు వదిలారు, ఇవే మాటలు. తూర్పున ఇంద్రకీలాద్రి అడ్డం. ఉత్తరాన జక్కంపూడి వైపు నుంచి నీళ్లొస్తాయన్న సంగతి పాతవాళ్లకి గుర్తుందేమో గానీ, అద్దెకొచ్చినవాళ్లకి ఎవరు చెబుతారు?

బుడమేరు సంగతి కొంచెం నిదానంగా చెప్పుకోవాలి. మైలవరం వైపు కొండల్లో పుట్టే వాగు ఇది. మామూలు రోజుల్లో చూస్తే మురుగ్గుంటలా కనబడుతుంది. కొండల మీద కుండపోత పడితే మాత్రం దీనికి ఒళ్లు తెలియదు. సహజంగా ఇది బెజవాడకి ఉత్తరంగా పారి కొల్లేరులో కలవాలి. ఊరు పెరిగాక ఆ దారి ప్రమాదమని, వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ కట్టి, అక్కణ్నుంచి డైవర్షన్ చానెల్ తవ్వి, ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలోకి మళ్లించారు. చానెల్ సామర్థ్యం 15 వేల క్యూసెక్కులు. ఆ రాత్రి దానికి రెట్టింపు పైగా వచ్చి పడింది. పైగా కలవాల్సిన కృష్ణ కూడా నిండుగా ఉంది. నిండిన నది వాగుని లోపలికి రానివ్వదు, వెనక్కి తోస్తుంది. చానెల్ గట్టు కవులూరు, శాంతినగర్ వైపు మూడు చోట్ల తెగింది. వెలగలేరులో 11 గేట్లూ ఎత్తేశారు. గండ్ల నీళ్లూ గేట్ల నీళ్లూ పాత దారి పట్టాయి. పాత దారిలో ఇప్పుడు ఇళ్లున్నాయి.

ఆదివారం పొద్దున వాళ్లమ్మ పాల ప్యాకెట్టు కోసం తలుపు తీసేసరికి మెట్టు కింద నీళ్లున్నాయి. వాన నీళ్లే అనుకుంది. వాన నీళ్లయితే డ్రైనేజీ వైపు పోవాలి. ఇవి వీధిలో ఎదురెక్కి వస్తున్నాయి. జోజి నగర్ వైపు నుంచి ఎవరో కుర్రాడు పరిగెత్తుకొస్తూ “వచ్చేస్తన్నాయి, వచ్చేస్తన్నాయి” అని అరిచి పోయాడు. ఏం వస్తున్నాయో అతను చెప్పలేదు, వీళ్లు అడగలేదు. హెచ్చరిక సరిగా అందలేదన్నది ఆ తర్వాత ముంపు కాలనీల వాళ్లు గట్టిగా చెప్పిన ఫిర్యాదు. ఆ వీధికి అందిన హెచ్చరిక ఆ కుర్రాడే అనుకోండి.

అటక మీదికి ఏం ఎక్కించాలన్నది ఆమె చేతిలో ఉన్న పావుగంట ప్రశ్న. బియ్యం బస్తా ముందు. తర్వాత సర్టిఫికెట్ల ఫైలు, ఆధార్లు, ఆటో కాగితాలు. మిక్సీ. అమ్మ పట్టుచీరలు రెండు. అప్పుడు పుస్తకాలు: స్పైరల్ బైండింగ్ జిరాక్సులు, పాలిటీ, ఎకానమీ, అన్నీ బరువైనవే. సొంత చేత్తో రాసుకున్న నోట్సు బల్ల మీద పెట్టింది. బల్ల ఎత్తు చాలనుకుంది. నీళ్లు మోకాళ్లు దాటుతున్నప్పుడు పై నుంచి ఓనరు ఆంటీ కేకేసింది.

“ఏం సర్దుతావే ఇంకా? నువ్వు పైకి రా ముందు! సామాన్లు మళ్లీ కొనుక్కోవచ్చు.”

నోట్సు మళ్లీ కొనుక్కోలేమని ఆంటీకి ఎవరు చెప్పాలి.

పై వాటాలో ఏడుగురు. కరెంటు లేదు, ఇన్వర్టరు ఆదివారం సాయంత్రానికే నీరసించింది. హైదరాబాద్‌లో ఉన్న ఆంటీ వాళ్లబ్బాయి ఫోన్లో వార్తలు చదివి వినిపించేవాడు. సోమవారం, సెప్టెంబరు 2: ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు. 1957లో బ్యారేజీ వచ్చాక ఇంత నీరు ఎప్పుడూ రాలేదు. 2009 అక్టోబరులో 11.10 లక్షలొచ్చినప్పుడే ఊరు గుండె చిక్కబట్టుకుంది. ఆ వరదలోనే ఎగువ నుంచి కొట్టుకొచ్చిన పడవలు గేట్లకి తగిలి కౌంటర్ వెయిట్లు దెబ్బతిన్నాయి. ఆమె ఉన్న చోటి నుంచి చూస్తే వెనక బుడమేరు, ముందు కృష్ణ.

సెప్టెంబరు 2 అంటే గ్రూప్-1 మొదటి పేపరు రాయాల్సిన రోజు. వాయిదా వేసినందుకు ఏపీపీఎస్సీకి మేడ మీంచి మనసులో దండం పెట్టుకుంది.

ఆంటీ వాళ్లబ్బాయి ఇంకో వార్త చదివాడు. కౌంటర్ వెయిట్లు బాగుచేయడానికి కన్నయ్యనాయుడుని పిలిపించారట. ఈ పేరు ఆమెకి తెలుసు. ఆగస్టు 10న తుంగభద్ర డ్యాంలో 19వ నంబరు గేటు కొట్టుకుపోతే, పారే నీళ్లలోనే స్టాప్‌లాగ్ బిగించడానికి నడుం కట్టిన పెద్దాయన. కరెంట్ అఫైర్స్ పుస్తకంలో ఆగస్టు నెల కింద ఒక లైను రాసుకుంది. బిట్టుగా వస్తుందని రాసుకున్న మనిషి, నెల తిరక్కుండా తన ఊరి బ్యారేజీ మీద నిలబడ్డాడు.

ఆహారం పడవల మీద వచ్చేది, పడవ రాలేని సందుల్లోకి డ్రోన్ వచ్చేది. మేడ మీద పిల్లలు డ్రోన్ని చూసి కేరింతలు కొట్టారు. మంచినీళ్ల సీసా కోసం పెద్దవాళ్లు కూడా చేతులు చాచారు. విపత్తుల్లో డ్రోన్ల వినియోగం గురించి ఆమె నోట్సులో మూడు పాయింట్లుండేవి. అన్నం ప్యాకెట్టు అందుకుంటున్నప్పుడు వాటిలో ఒక్కటీ గుర్తురాలేదట, ఆకలి అలాంటిది.

గండ్లు పూడ్చడానికి సైన్యం వచ్చింది. సెప్టెంబరు 7కి మూడోదీ పూడింది. నీళ్లు తగ్గాక మిగిలింది బురద. ఫైరింజన్ వీధిలోకొచ్చి పైపు పెట్టి ఇళ్లలో బురద కడిగింది. ఇల్లు కాలనివాళ్లకి కూడా ఫైరింజన్ అక్కరకొస్తుందని ఆ వీధి మొదటిసారి చూసింది.

బల్ల తేలి తలుపుకి అడ్డం పడి ఉంది. నోట్సు నేల మీద అట్ట కట్టుకుపోయింది. ఒక్కో కాగితం విడదీసి, మేడ మీద తీగకి బట్టల క్లిప్పులతో ఆరేసింది. ఆరాక చూస్తే ఒక విచిత్రం. నోట్సులో కలిసి ఉన్న జిరాక్సు కాపీల్లో అక్షరం చెక్కు చెదరలేదు, ఆ నల్లపొడికి నీళ్లంటే లెక్కలేదు. బాల్‌పెన్నుతో రాసింది మరకలు పడినా చదవొచ్చు. జెల్‌పెన్ను మాత్రం మొత్తం పోయింది. నీలం, ఆకుపచ్చ, గులాబీ కలిసిపోయి ఒకటే మరక. అంటే, కోచింగులో వాళ్లు చెబుతుంటే బాల్‌పెన్నుతో గబగబా రాసుకున్నది మిగిలింది, బయట కొన్న వేరేవాళ్ల నోట్సు మిగిలింది. తను ఆలోచించి, తగ్గించి, రంగులేసుకుని రాసుకున్న ఒక్కో పేజీ సారాంశాలన్నీ పోయాయి. సివిల్స్ మెయిన్స్‌కి రెండు వారాలు లేదు.

మళ్లీ రాయాల్సిందే. పై వాటా వరండాలో, పెళ్లిభోజనాల ప్లాస్టిక్ కుర్చీ బోర్లించి దాని మీద ప్యాడ్ పెట్టుకుని మొదలుపెట్టింది. విపత్తు నిర్వహణ దగ్గర పెన్ను ఆగింది. ‘కారణాలు’ అని రాసి రెండు నిలువు వరసలు గీసింది. అతివృష్టి ఎడమ వరసలో, వాగు దారిలో ఇళ్లు కుడి వరసలో. కానీ నీళ్లు లోపలికొచ్చింది ఒకే తలుపులోంచి. తండ్రి పక్కన ఆటో ఇంజన్ విప్పి, స్పార్క్ ప్లగ్ కిరోసిన్‌లో కడుగుతున్నాడు.

“నాన్నా, డైవర్షన్ చానెల్ వెడల్పు ఎందుకు చెయ్యలేదు?”

“నన్నడిగితే? నేను ఇబ్రహీంపట్నం సర్వీసు ఆటో వాణ్నిగా. అక్కడ థర్మల్ స్టేషన్ దగ్గర ఇరుకంటారు. అది సరే, అసలు కొల్లేరే పూడిపోయిందిగా. నీళ్లు పోవాల్సింది అటేగా. అది రాయి.”

కొల్లేరు గురించి ఆమెకి తెలియంది లేదు. 1999లో అయిదో కాంటూరు దాకా అభయారణ్యం. 2002లో రామ్‌సర్ జాబితా. 2006లో చేపల చెరువుల గట్లు పగలగొట్టిన ఆపరేషన్ కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చిన నీళ్లన్నీ సముద్రానికి చేరడానికి ఉప్పుటేరు ఒక్కటే దారి. ఇవన్నీ ‘పర్యావరణం’ ఫైల్లో ఉన్నాయి. వాగుల ఆక్రమణ మొదటి పేపరులో ‘పట్టణీకరణ’ కింద ఉంది. రెవెన్యూ, మున్సిపాలిటీ, నీటిపారుదల శాఖల మధ్య సమన్వయం రెండో పేపరులో ‘పాలన’ కింద. ముంబయీ చెన్నైలు మూడో పేపరులో. సిలబస్ ప్రకారం ఏ ఫైలు దానిదే. ఇంట్లోకొచ్చిన నీళ్లు ఈ ఫైళ్లన్నింటినీ ఒకటి చేసేశాయి. రివిజన్‌లో మనం చేసే పొరపాటు ఇదేనని నాకనిపిస్తుంది: గుర్తుండాలని విడదీస్తాం, విడదీసినవి మళ్లీ కలపడం మర్చిపోతాం. మైలవరం కొండ నుంచి చినగొల్లపాలెం దాకా పారే ఒక్క నీళ్లదారి మీద మూడు పేపర్ల సిలబస్ ఉందని ఏ మెటీరియల్‌లోనూ రాయరు.

ఆ సాయంత్రం ఆమె నోట్సులో మొదటిసారి బుడమేరు పటం గీసింది. పై నుంచి కిందికి అయిదు గుర్తులు: కొండలు, వెలగలేరు, చానెల్, ఊరు, కొల్లేరు. బాల్‌పెన్నుతో గీసింది.

17న ప్రభుత్వం పరిహారం ప్రకటించింది. మునిగిన కింది వాటాకి 25 వేలు, పై వాటాకి 10 వేలు. “మీరు పైనుండి కూడా మీకొస్తాయా ఆంటీ?” అంటే, “ఏడుగురికి వారం రోజులు వండిపెట్టాను, ఆ మాత్రం రాకపోతే ఎట్టా” అని ఆంటీ నవ్వింది.

సెప్టెంబరు 21, శనివారం, జీఎస్ మొదటి పేపరు. అందులో ఒక ప్రశ్న కుంభవృష్టి అంటే ఏమిటో వివరించమని. హాల్లో ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు.

22, ఆదివారం ఉదయం, మూడో పేపరు. విపత్తులను తట్టుకునే శక్తి గురించి, సెండాయ్ లక్ష్యాల గురించి ఒక ప్రశ్న, పది మార్కులు. అది జిరాక్సులోదే, చకచకా రాసేసింది. తర్వాత పదిహేను మార్కుల ప్రశ్న ఒకటి. పట్టణ వరదలు వాతావరణ మార్పుతో ముంచుకొస్తున్న విపత్తు, కారణాలు చర్చించండి. గత రెండు దశాబ్దాల్లో దేశంలో వచ్చిన ఇలాంటి పెద్ద వరదలు రెండింటి లక్షణాలు చెప్పండి. వీటిని ఎదుర్కొనే విధానాలు, చట్రాలు వివరించండి.

బుడమేరు గండి పూడి ఆ రోజుకి సరిగ్గా పదిహేను రోజులు. ప్రశ్నపత్రం ఎప్పుడో అచ్చయి ఉంటుంది. అది తెలిసినా ఆమెకి ఒళ్లు ఝల్లుమంది.

సమస్య ఏమిటంటే, రెండు వరదలన్నారు. దేశంలో అందరి చేతికీ ముంబయి, చెన్నై వచ్చేస్తాయి. అంకెలు నోటికున్నాయి, తప్పు పోయే భయం లేదు. బెజవాడ అంటే వెలగలేరు ఎక్కడో దిద్దేవాళ్లకి తెలియకపోవచ్చు. లెక్కలు ఇంకా పూర్తిగా తేలలేదు కూడా. తెలియని అంకె రాస్తే జవాబుకి దెబ్బ. గడియారం చూసుకుంది. ముంబయి కొట్టేసి, చెన్నై ఉంచి, రెండోదిగా విజయవాడ, 2024 అని రాసింది. మృతుల సంఖ్య జోలికి పోలేదు. చానెల్ 15 వేలు, వచ్చింది రెట్టింపు పైగా, నిండు కృష్ణ వెనక్కి తోయడం, మూడు గండ్లు, ఆక్రమించిన పాతదారి, పూడిన కొల్లేరు. పక్కన అయిదు గుర్తుల పటం. చెన్నైకి నాలుగు లైన్లే పడ్డాయి, ఇటు పేజీ నిండిపోయింది. విధానాలకొచ్చేసరికి చోటూ లేదు, టైమూ లేదు. 2010 మార్గదర్శకాలు, 2005 చట్టం, రెండు లైన్లు గీకి తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోయింది. టెస్ట్ సిరీస్‌లో అయితే ‘సమతూకం లేదు’ అని ఎర్రసిరా పడేది. పడాల్సిందే కూడా. ప్రశ్న మూడు ముక్కలడిగితే జవాబులో మూడూ ఉండాలి.

మధ్యాహ్నం నాలుగో పేపరు కూడా రాసి బయటికొచ్చేసరికి తండ్రి ఆటోతో గేటు దగ్గరున్నాడు. ఇంజను ఇంకా దగ్గుతోంది. భాషా పేపర్లు 28న, ఆప్షనల్ 29న ఉన్నాయి, ఇంటికెళ్లగానే కూర్చోవాలి. స్వాతి థియేటర్ సెంటర్ దాటేదాకా ఇద్దరూ మాట్లాడుకోలేదు.

“బుడమేరు అడిగారంటగా? ఓనరు ఆంటీ చెప్పింది, ఫోన్లో వచ్చిందంట.”

“బుడమేరు అని అడగలేదు. నేనే రాశా.”

“మొత్తం రాశావా?”

“వాగు రాశా నాన్నా. ప్రభుత్వం ఏం చెయ్యాలో సరిగా రాయలేకపోయా.”

“ఎన్ని మార్కులకి?”

“పదిహేను.”

“ఎన్నొస్తాయి?”

“ఆరొస్తే గొప్ప.”

అతను గేరు మార్చాడు. “అన్ని నీళ్లొస్తే ఆరేనా?”